గడ్డివాము బతుకమ్మ

బతుకమ్మ పేర్చడం ఆడవాళ్ల పని. ఆ పని తెలిసిన తన భార్య నిరుడు ఎండాకాలంలో పోయింది. ఎయిర్‌పోర్టు పక్కనున్న కొత్వాల్‌గూడలో, మనుమరాలి బతుకమ్మ సంగతి ఎవరడిగినా, ఏటా గడ్డివాములు వేసే ఆ ముసలి రైతు ఇంతే చెప్పాడు. సద్దుల బతుకమ్మకు ముందురోజు పొద్దున్నే, భార్య చెల్లెలు గునుగు పూల మోపుతో వచ్చి గడపలో కూర్చుంది.

“బావా, నిన్న నీ మనుమరాలి బతుకమ్మను ఎవరు పేర్చిన్రు?”

“నాకేం ఎరుక? నేను మగోణ్ని.”

“ఎయిర్‌పోర్టు గోడ పొంటి ఎవరో తంగేడు కోస్తుండె. తలకు నీ రుమాలే.”

“రుమాళ్లు ఊరందరికీ ఉంటయి.”

“మా అక్క గుండ్రంగ పేర్చేది. గిదేమో వాన నీళ్లు జారేటట్టు వాలుగున్నది, సుట్టూ గడ్డితాడు. బతుకమ్మనా, గడ్డివామా?”

“తొవ్వల ఒరిగిందా ఏంది?”

“గాలికి అందరివీ ఒరిగినయి. మన పోరిదొక్కటే నిలబడ్డది. నానమ్మ లేదు, ఇగ నాకు బతుకమ్మ లేదని ఏడ్చిన పోరి చెరువు దాంక ఎగురుకుంట పోయింది.”

ఆయన మీసం దువ్వబోయి, చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

“దాచకు బావా. గునుగుకు అద్దే గులాబి రంగు మగోళ్ల వేళ్లకు గూడ అంటుతదా?”

“పూలు ఆడ పెట్టి పో. రేపటిది ఇంకా పెద్దగుండాలె. ఈ ముచ్చట నేను సచ్చేదాంక మళ్ల మాట్లాడ.”