చాపమీద మామ్మ

ద్వీపనగరం ఆపియాలో ఓ వృద్ధాశ్రమం. ముసలమ్మ గదిలోని కెమెరా "మనిషి పడిపోయింది" అని ఫోనులో మోత పెట్టేసరికి, నర్సు పరుగున వచ్చింది.

"పడలేదే తల్లీ, కూర్చున్నా. ఆదివారం భోజనం చాపమీద కాక మంచమ్మీద తింటారా?"

"మళ్లీ పరిగెత్తించావు కదా మామ్మా! రేపు నువ్వు నిజంగా పడితే, అదీ నీ వేషమే అనుకుని ఎవరూ రారు."

"గంట కొడితే మాత్రం వచ్చారా ఎప్పుడైనా? కింద కూర్చుంటే చాలు, రెక్కలు కట్టుకుని వాలతావు."

"అంటే, కావాలనే కూర్చుంటున్నావా?"

"ఒక్కదాన్నే తింటే ముద్ద దిగదే. పెద్దదాని నెత్తిమీద అలా నిలబడకు, కూర్చో. చేమదుంపలు చల్లారిపోతున్నాయి."

"సరే, ఒక్క ముక్కే సుమా."

నర్సు కూర్చుందో లేదో, ఫోను మళ్లీ మోగింది.

"ఏమంటోందే?"

"ఇద్దరు పడ్డారట."

"అయితే అందరూ వస్తారు. ఇంకో నాలుగు ఆకులు వెయ్యి."