చెల్లెలు అడిగిన ఒడి

"తాతా, నాయన పెట్టెలో ఈ చీర దొరికింది. నువ్వే నేసిందంట గదా. నాయనకు పుట్టెంటికలు తీసిన పొద్దు నువ్వు ఎందుకు పోలేదు తాతా?"

రెండు మాటలూ ఒక్కసారే అడిగితివే తల్లీ. ముందు చీర ఇటియ్యి. ఆ మేజా మీద కండ్లద్దాలుండాయి, అవీ అందియ్యి. ఆ... నేరేడుపండు రంగు, చిలకపచ్చ అంచు. నేనే నేసింది, ఇంగెవరు నేస్తారు. ఇదో, ఈడ అంచుకాడ చెయ్యి పెట్టి చూడు. అడ్డంపోగు ఒకటి తప్పిపోయుండాది. కంటికి కనపడదు, చేతికి తెలుస్తాది. నాడె ఇసిరే టయానికి మీ అవ్వ, నా చెల్లెలు, ఏదో అనె, నేను నగితి, పోగు తప్పె. మా నాయన చూసింటే నేసిందంతా ఆడిదాకా ఇప్పించేటోడు. నేను చెప్పలా. దాని పెండ్లి చీరే గదా, దాని నగువు దాని చీరలోనే ఉండనీలే అనుకుంటి.

ఈ మరకేంది? గంధం మాదిరి ఉండాదే. పట్టుకు గంధం పట్టిందంటే ఇంగ పోదు. నాలుగు మడతలు పెట్టినట్ల గీతలు కూడా పడినాయి. మీవాండ్లు సరిగ్గా దాయలేదు పో. మేరీ! రోంత కాఫీ పెట్టమ్మా, పెనుకొండ నుంచి మీ మేనత్త మనవరాలు వచ్చింది.

మీ అవ్వ లచ్చుమమ్మ నాకంటే ఆరేండ్లు చిన్నది. మా నడిమిట్ల పుట్టిన ఇద్దరూ నిలబడలా. ఇంగ మేమిద్దరమే. ధర్మవరంలో మా ఇల్లంటే ఏముండె, ముందర మగ్గం, ఎనక పొయ్యి. నేను, మా నాయన మగ్గం మీద. మీ అవ్వ మా పక్కన కూచోని కండెలకు పట్టు చుట్టేది. చుట్టుకుంటా నోరు ఊరుకునేది కాదు, ఎవురో ఒకర్ని ఎక్కిరిస్తానే ఉండేది. తన పెండ్లి చీరకు తనే కండెలు చుట్టుకునింది పాపం. పెనుకొండకు ఇచ్చినాం. యుద్ధానికి ముందరి మాట ఇది. రైలు టికెట్టు నాలుగణాలో ఏమో ఉండె... కాదు, అది హిందూపురానికి. పోనీలే, అయ్యన్నీ ఇప్పుడెందుకు.

హిందూపురానికి నేను చీరలు ఎత్తుకోని పోతాంటి. ఆడ ఒక షావుకారు తీసుకునేటోడు. ఒకసారి పోయినప్పుడు జొరం పట్టుకునింది. ఒళ్ళు కాలిపోతాంటే షావుకారు ప్లేగేమో అని భయపడి, అరుగు మీద నుంచి కూడా దిగిపొమ్మనె. నేను ఆయన్ను తప్పు పట్టను. ఆ కాలంలో ప్లేగంటే ఇండ్లు ఇడిసిపెట్టి గుడిసెలేసుకుంటాండ్రి. నేను వీధి చివర పడిపోతి. అప్పుడు ఒకాయన, యోహాను అని, ఊరికి ఉపదేశి, ఏసుప్రభువు మాట చెప్పేటోడు, నన్ను చంకల కింద చేతులేసి ఎత్తి ఇంటికి తీసుకపాయె. ఇరవై దినాలు. నా ముడ్డి కూడా ఆయనే కడిగినాడు. నగొద్దు, నిజం చెప్తాండా. దేవుని మాట ఒక్కటి చెప్పలా మొదట్లో. గంజి తాపిచ్చె, అంతే. నేనే అడిగితి, అయ్యా, మీరు నన్నెందుకు ముట్టుకుంటిరి అని. అప్పుడు చెప్పినాడు.

ఆ ఏడే పెన్నలో నీళ్ళొచ్చినప్పుడు బాప్తిస్మం తీసుకుంటి. ఎంకటేసు పోయి సామేలు వచ్చె. మీ అవ్వ మాత్రం సచ్చేదాకా ఎంకటేసన్నా అనే అనిందంట.

ఇంటికి పోతి. మా నాయన కొట్టలేదు, తిట్టలేదు. మగ్గమోండ్లం మేము అమావాస్యకు పని చెయ్యం, తెలుసు గదా, ఆ పొద్దు ఊరంతా మగ్గాలు ఊరికే ఉంటాయి. నేను ఆదివారం కూచోనంటి. దానికీ మా నాయన సరే అన్యాడు. నెలకు ఇంగో నాలుగు దినాలు పోతాయి, పోనీలేరా అన్యాడు. యాడ చెడిందంటే, మగ్గం గుంటలో కాలు పెట్టే ముందర మగ్గాన్ని ముట్టి కండ్లకద్దుకుంటాము. చిన్నప్పటి నుంచీ అంతే, చెయ్యి దానంతట అదే పోతాది. ఒకదినం చెయ్యి పోతాంటే నేను ఎనక్కి లాక్కుంటి. మా నాయన చూసె. "దండం పెట్టకుండా నా మగ్గంలో కాలు పెట్టొద్దురా" అనె. నేను పెట్టనంటి. ఆయన పొమ్మనలా, నేనే లేచి వచ్చేస్తి. అమ్మ వాకిట్లో నిలబడి ఏడుస్తాంటే ఎనక్కి తిరిగి చూడలా. చూస్తే ఓడిపోతానని.

హిందూపురంలో దొరసానమ్మోళ్ళ బడిలో పిల్లోండ్లకు నేత నేర్పే పని ఇచ్చిరి. పట్టు నేసిన చేతుల్తో తువ్వాళ్ళు నేస్తి. దానికి నాకు బాధ లేదు. తువ్వాలతో కూడా మడిసి మొగం తుడుచుకుంటాడు గదా. ఇంగ నా కూతురు మేరీ పెండ్లికి మనవాండ్లంటూ ఒక్కరు లేరు, సంఘంవాండ్లే అంతా నడిపించిరి. అదీ తట్టుకుంటి. తట్టుకోలేనిది ఒక్కటే. నువ్వు అడిగితివే, అది.

మీ నాయన పుట్టినాడు. నాగరాజు. యుద్ధం మొదలైన మరుసటేడు. పదకొండో నెలలో పుట్టెంటికలు తియ్యాల. మేనమామ ఒళ్ళో కూచోబెట్టుకోవాల, అప్పుడే మంగలి కత్తి పెడతాడు. అది నీకు చెప్పేదేముండాది. మీ అవ్వకు అన్న అంటే నేనొక్కన్నే. అది పిల్లోన్ని ఎత్తుకోని, మొగుడ్ని కూడా తోడు తెచ్చుకోకుండా, రైలెక్కి హిందూపురం వచ్చె. తాంబూలం కొంగున కట్టుకోని. బడి వాకిలికాడ నిలబడి, "అన్నా, శుక్రవారం కొండకింద ఆంజనేయసామి గుడికాడ" అనె.

నేను రానంటి.

"నువ్వు దండం పెట్టొద్దు. బొట్టు పెట్టుకోవద్దు. ప్రసాదం తినొద్దు. గుడిలోకి కూడా రావద్దు, బయట మంగలోళ్ళు కూచునే కాడే చేపిస్తా. నువ్వు ఊరికే కూచో. నీ ఒడి ఒక్కటే ఇయ్యన్నా" అనె. చూడు, ఎంత ఆలోచించుకోని వచ్చిందో. నాకు యాడ యాడ తగులుతాదో అన్నీ అదే తీసేసుకోని వచ్చె.

నేనేమంటినో తెలుసునా? "లచ్చుమీ, ఒక కాలు ఈడ, ఒక కాలు ఆడ పెట్టేటోన్ని కాదు నేను" అంటి. ఎంత గొప్పగా చెప్తినో. కొత్తలో అట్లే ఉంటాది తల్లీ. ఇది వద్దు, అది వద్దు, పండగకి పంపిన కజ్జికాయలు వద్దు... ఎన్ని వద్దంటే అంత గట్టిగా నమ్మినట్ల అని నా తలకాయలో.

అప్పుడు మీ నాయన నన్ను చూసి రెండు చేతులూ చాపినాడు. కొత్త మొగమని ఏడ్చలా. తల నిండా జుట్టు, కండ్ల మీద పడతాండె. "ఎత్తుకో అన్నా, ఎత్తుకుంటే ఏం కాదులే" అనె మీ అవ్వ. నేను చేతులు ఎనక్కి కట్టుకుంటి. ఎత్తుకున్యానంటే శుక్రవారం పోతానని నాకు తెలుసు. పిల్లోడు రోంతసేపు అట్లే చేతులు చాపి, మల్లా అమ్మ భుజం మీద తల పెట్టేసె. మీ అవ్వ పిల్లోన్ని భుజం మీద సర్దుకునె. తాంబూలం కొంగుకు అట్లే ఉండె. టేషన్ దిక్కు నడిచిపాయె.

ఒక నెలకేమో, యోహానయ్య కాడ ఈ మాట చెప్తి. మెచ్చుకుంటాడని చెప్తి, అబద్ధమెందుకు. ఆయన తినే కూడు ఆపి నా దిక్కు చూసినాడు. "ఒడి ఇయ్యొద్దని నీకు ఎవురు చెప్పినారప్పా? నన్ను అడిగినావా? ప్రభువు పిల్లోండ్లను ఎత్తి ఒళ్ళో పెట్టుకున్యాడే, వాండ్ల అమ్మోళ్ళు ఎవురికి మొక్కుతారని అడిగినాడా?" అనె. ఆయన కండ్లలో నీళ్ళు.

తెల్లారే పెనుకొండకు బండెక్కితి. పిల్లోనికి ఒక టోపీ కొంటి, గుండు తలకు ఎండ తగలకుండా. చెల్లెలి కాళ్ళు పట్టుకుంటా, నగితే నగనీ అనుకుంటా పోతి. పెనుకొండ టేషన్లో బండి నిలిచె. ఒక కాలు మెట్టు మీద పెట్టినా. మా ధర్మవరం ఓబులయ్య, మా వీధోడే, అదే పెట్టెలోకి ఎక్కుతా నన్ను చూసె. "ఏమప్పా ఎంకటేసూ, ఇప్పుడొస్తాండావా? పుట్టెంటికలు తీసేది అంతా అయిపాయె గదా. నువ్వు రాలేదని ఏం ఆగలేదులే, మీ చెల్లెలు వేరే ఒడి చూసుకునింది" అనె.

వేరే ఒడి.

దాని మొగుని తట్టు ఎవురినో కూచోబెట్టింటారు, మామ వరుసోన్ని. ఇంగ నాకు ఈడ పనేముంది అనుకుంటి. మెట్టు మీద పెట్టిన కాలు ఎనక్కి తీసుకుంటి. నిజం చెప్పాలంటే, ఆ మాట ఇన్నాక నాకు రోంత సులువైపాయె. తప్పు నా ఒక్కనిదే కాదు గదా, అదీ నన్ను వద్దనుకునింది గదా అని. చూడు ఎంత నీచమో మనసు. ధర్మవరం దాకా పోతి, టేషన్లోనే కూచోని, మాపటి బండికి తిరిగి వస్తి. టోపీ బండిలోనే మర్చిపోతి.

ఆ తర్వాత ఎన్నిమార్లు పోలేదు ఆ దారిన! పెనుకొండ వస్తాందంటే కిటికీ మూసేటోన్ని. పొగొస్తాంది, బొగ్గు కండ్లలో పడతాంది అని పక్కనోండ్లకు చెప్పేటోన్ని. అమ్మ పోయినప్పుడు ఒకసారి చూసుకున్యాం. గడప లోపల అది, బయట నేను. మాట్లాడుకోలా. మీ నాయన పెండ్లికి కార్డు వచ్చె, నేను పోలా. వేరే ఒడి ఉండాది గదా దానికి, అనుకుంటి. నలభై ఏండ్ల తర్వాత కూడా అదే మాట పట్టుకోని ఉంటి. మీ అవ్వ పోయె. పోయినేడు మీ నాయన పోయె, మట్టయిన వారానికి నాకు తెలిసె.

ప్రభువును పట్టుకున్నందుకు నాకు బాధ లేదు తల్లీ. ఇది మాత్రం మీవాండ్లకు చెప్పు. ఆయన అడిగింది ఇస్తి, అది నాకు తిరిగి ఏదో ఒక రూపంలో వచ్చె. ఆయన అడగంది కూడా ఇచ్చేస్తి చూడు, అదే రాలేదు. ఆ ఒడి నాది కూడా కాదు గదా, ఆ పిల్లోనిది. నాది కాంది తీసుకపోయి ఇచ్చేస్తి.

ఏమంటివి? ఈ పక్క చెవి సరిగ్గా ఇనపడదు. ఇట్ల వచ్చి నిమ్మళంగా చెప్పు.

ఎవురూ కూచోలేదా? ... మామ వరుసోడు వచ్చి కూచుంటానంటే కూడా వద్దనిందా? మంగలి కత్తి పట్టుకోని కాసుకోనుంటే...

ఈ చీరనా? నాలుగు మడతలు పెట్టి, పీట మీద పరిచి, దాని మీద కూచోబెట్టిందా పిల్లోన్ని? ఏమనింది, మల్లా చెప్పు. ఎట్ల అనిందో అట్లే చెప్పు.

"ఇది మా అన్న నేసింది. ఇదే మా అన్న ఒడి."

అయ్యో లచ్చుమీ.

వేరే ఒడి అంటే ఇదా. ఓబులయ్య చెప్పింది ఇదేనా? రోంత నిలబడి ఏ ఒడి అని అడిగింటే చెప్పేటోడే గదా. ఒక్క మాట అడగలా నేను. అయితే ఈ గంధం... గుండు తీసినాక తలకు పూసిందా. మీవాండ్లు సరిగ్గా దాయలేదని అంటినే ఇందాక. తప్పు తల్లీ. తప్పు.

నాకొద్దు కాఫీ మేరీ, ఆడ పెట్టు. ఈ చీర రోంతసేపు నా తొడల మీద ఇట్లే ఉండనీ. మడతల మీద మడత పెట్టు, అదెట్ల పెట్టిందో అట్ల. ఆ. ఈడ కూచున్యాడా. ఇంతే ఉండె వాడు. ఆ పొద్దు నా దిక్కు చేతులు చాపినాడే, ఇంతే.

ఇంగ తీసుకపో. లేదు లేదు, నాకొద్దు, నీ కాడే ఉండాల. మీ నాయనది అది. బండికి టయమైతాంది, లెయ్. తల వంచు, చెయ్యి పెడతా. ప్రభువు నిన్నూ, నీ కడుపున పుట్టేటోండ్లనూ చల్లగా చూడాల. ఎవురన్నా చేతులు చాపితే ఎత్తుకో, ఏమీ ఆలోచించొద్దు. కిటికీ పక్కనే కూచో, మూయొద్దు. పెనుకొండ రాంగానే దిగు తల్లీ. ఎవురేం చెప్పినా సరే, దిగు.