గుమ్మాలన్నీ ఒకేలా ఉండాలి

ఇప్పుడు గుర్తొచ్చానా అక్కా నేను? మొన్న మైకు పట్టుకుని, అంతమంది ముందు, మా తమ్ముడు అమ్ముడుపోయాడు, వాడు నా తమ్ముడే కాదు అన్నావే, అప్పుడెక్కడికి పోయింది ఈ తోబుట్టువు ప్రేమ? కూర్చో. నిలబడి ఏడిస్తే కాళ్ళు కూడా నొప్పులు.

కూర్చోమంటున్నానా. కాఫీ చెప్పాను, వస్తోంది. బావ ఒక్కడే ఉన్నాడంటావ్, ఉంటాడులే. కుర్చీలోంచి లేచి ఎక్కడికి పోతాడు పాపం? తప్పేం అన్నాను, ఉన్నమాటేగా.

ఏంటి, ర్యాంపు గొడవేగా? నాకు తెలుసు. గుమ్మాలన్నీ ఒకేలా ఉండాలి, అది మీ కాలనీ సంఘం రూలు. ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టావ్. ఇప్పుడు మీ ఒక్క గుమ్మం ముందే చెక్క ర్యాంపు వాలుగా దిగి ఉంటే వీధంతా వంకరగా కనబడదూ? నాకేం కనబడదనుకో. కానీ నేను జీతం తీసుకునేదెక్కడ? ఇలాంటి సంఘాలన్నీ, వాటిని నడిపించే కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న మండలిలో. వాళ్ళకి వంకరగా కనబడితే నాకూ వంకరే.

బావ తన చేత్తో చేసుకున్నాడంటావ్. తెలుసక్కా. కాళ్ళు పడిపోయాక కూడా ఆ చక్రాల కుర్చీలో కూర్చునే చిత్రిక పట్టాడటగా. వడ్రంగి చెయ్యి ఊరుకోదు మరి. బాగా చేశాడు, నేనొచ్చి చూశాను. మీరు ఆస్పత్రికి వెళ్ళినప్పుడు. కొలతలు తీసుకోడానికి వచ్చాన్లే.

అది అలా ఉంచు. నీ సైన్యం ఏదీ? ఇళ్ళవాళ్ళ పోరాట సమితి? ఇవాళ ఒక్కరూ వెంట రాలేదే?

నీ వంటగదిలో పుట్టింది కదా అది. నువ్వు, ముగ్గురు ఆడవాళ్ళు, ఒక రిటైరైన పోస్ట్‌మాన్. ఇంటి ముందు చెట్టు నాటినందుకు జరిమానా కట్టినవాళ్ళు, బట్టలు ఆరేసినందుకు నోటీసు అందుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు. నిజం చెప్పనా? అప్పుడు మా మండలికి చెమటలు పట్టాయి. మీరు ఎప్పుడొస్తారో ఎక్కడికొస్తారో తెలిసేది కాదు. ఒకరోజు మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని తీరిగ్గా కూరగాయలు తరుక్కున్నారు. పట్టుకుందామంటే మీకు తలా లేదు, తోకా లేదు.

మా అధ్యక్షుడు నన్ను పిలిచి, మీ అక్కని ఆపడమెలాగయ్యా అన్నాడు. నేనేమన్నానో తెలుసా? ఆపక్కర్లేదండీ, వాళ్ళకి కూడా కాసిని రూల్సు ఇద్దాం అన్నాను.

ఆ బట్టతల లాయరు లేడూ, మీ దగ్గర ఫీజు తీసుకోకుండా పనిచేస్తానన్నవాడు? మావాళ్ళ మనిషే. అదేంటా మొహం, నీకు అనుమానమే రాలేదా? ఊరికే పనిచేసే లాయరు ఎక్కడైనా ఉంటాడా అక్కా? వాడు ఒక్క మాటన్నాడు, మనకీ ఓ పద్ధతి ఉండాలమ్మా, లేకపోతే ఎవరూ లెక్కచెయ్యరు అని. అంతే. ఆ తర్వాత వాడు నోరు విప్పిందే లేదు. మిగతాదంతా మీరే చేసుకున్నారు. అధ్యక్షురాలట, ఉపాధ్యక్షురాలట. ఆలస్యంగా వస్తే జరిమానా అట. నీలం కండువా లేకపోతే లోపలికి రానివ్వరట. ఏ నీలమో తేలక మీటింగుల్లో జుట్లు పట్టుకున్నారటగా? నేను నవ్వలేక చచ్చాను.

ఇక బావ స్నానాల గదిలో పడ్డ రోజు. నువ్వు ఆస్పత్రి నుంచి తిన్నగా మీటింగుకి వెళ్ళావ్, నలిగిన చీరతో, కండువా లేకుండా. పోనీలెండి పాపం అన్నాడట పోస్ట్‌మాన్. ఉపాధ్యక్షురాలు ఊరుకోలేదు. రూలు రూలేనంటూ అందరి చేతా చేతులెత్తించింది. రాసింది నువ్వేగా ఆ రూలు? నీ వంటగదిలో కాఫీలు తాగినవాళ్ళే నిన్ను సమితిలోంచే బయటికి పంపేశారు. ఆ కబురు విన్న రోజు మా ఆఫీసులో అందరికీ మిఠాయిలు పంచాను. ఈ బల్ల మీదే పెట్టాను పెట్టె.

లేవకు. అసలు మాట ఇంకా చెప్పలేదు.

రేపు సర్కారు తేబోయే కొత్త చట్టం మీద విచారణ ఉంది. రెండు పక్షాలనీ పిలిచి వింటారు. ఆ చట్టం వచ్చిందంటే ఎవరి గుమ్మం వాళ్ళిష్టం, సంఘాలు నోరెత్తడానికుండదు. మా మండలి తలుపులు మూసుకోవాలి. నువ్వు రేపు వచ్చి ఒక్క మాట చెప్పు. మా సంఘం మమ్మల్ని బాగా చూసుకుంటోందని. పోరాటం మొదలుపెట్టిన మనిషే ఆ మాటంటే ఇంకెవరడుగుతారు? అది చెప్పు, ర్యాంపు సంగతి చూద్దాం.

అంటావా? ఏదీ, ఒకసారి అను. ఇక్కడే అను.

వినపడలేదు. మైకులో నన్ను తిట్టినప్పుడు వీధి చివరిదాకా వినపడిందే?

ఆఁ. అంతే. ఎంత తేలికో చూశావా? ఉండు, ఫోను.

హలో. ఆఁ. ఆఁ. ఏమన్నాడు? సరే, నేను చెప్తాలే.

కూర్చో అక్కా. అయిపోయిందట.

ఏంటంటే ఏం చెప్పను, ర్యాంపే. నువ్విటు బయల్దేరగానే మనుషుల్ని పంపాను. నువ్వు ఇంట్లో ఉంటే పోయినసారిలా దాని మీద పడుకుంటావ్, నలుగురూ ఫోటోలు తీస్తారు, ఎందుకొచ్చిన గొడవ. అందుకే కాఫీ, అందుకే ఇంతసేపు ఈ కబుర్లు.

చూద్దామన్నాను. ఉంచుతానన్నానా? సొంత అక్క గుమ్మం వదిలేశాడని తెలిస్తే మండలి నన్ను ఉండనిస్తుందా? నువ్వు పరాయిదానివైతే వదిలేసేవాణ్ణేమో. రేపు విచారణకి నువ్వు రాకపోయినా ఫర్వాలేదులే. ఆ మాట నీ నోటి వెంట నాకు వినాలనిపించింది, విన్నాను.

బావ ఏమన్నాడని అడగవేం? అరవలేదట. కుర్చీ కిటికీ దగ్గరికి తోసుకుని చూస్తూ కూర్చున్నాడట. ఎవరు పంపారు బాబూ అనడిగితే నా పేరు చెప్పారు. "అయితే తొందరగా కానివ్వండి, ఆలస్యమైతే మావాడికి మాట వస్తుంది" అన్నాడట. మేకు ఎటునుంచి లాగితే చెక్క చీలదో అది కూడా చెప్పాడట.

నీ పెళ్ళయ్యాక నీ కొంగు పట్టుకుని ఆ ఇంటికొచ్చిన రోజు నుంచీ నన్ను మావాడనే అంటాడు. ఇంకా అంటున్నాడు, చూడు. నన్నేం చెయ్యమంటావ్? తిడితే బావుండేది.

వెళ్తావా? వెళ్ళు. మీ గుమ్మానికి ఉన్నవి మూడే మెట్లు. చెరో పక్కా ఒక్కొక్కరు పట్టుకుంటే కుర్చీ దిగుతుంది. ఒక పక్క నువ్వున్నావ్. రెండో పక్కకి ఎవర్నైనా చూసుకో.

నన్ను చూడకు. నాకు నడుం నొప్పి.