ఎమ్రిస్ గుప్పిట్లో కారు తాళం

"ఇన్సూరెన్స్ వాళ్లతో ఎలా మాట్లాడాలో మీలో ఒక్కరికీ తెలీదు. నేను మాట్లాడా, వినండి!" అంటూ ఎమ్రిస్ హోటల్లో టీ కప్పు బల్ల మీద ఠక్కున పెట్టాడు. బొగ్గు గని మూతపడ్డాక ఆ వేల్స్ లోయలో ఇంకా మూతపడనిది ఆయన నోరొక్కటే.

"తాతా, తాళం," అంది గుమ్మంలో నిలబడ్డ మనవరాలు లౌరి. చేతిలో ఎల్ బోర్డులు. రేపు పొద్దున్నే డ్రైవింగ్ పరీక్ష. పాసైతేనే కొండ మీద ఇళ్లకు తిరిగి మంచాన పడ్డవాళ్లను చూసుకునే ఉద్యోగం. కారు రివర్స్ చేయడం ఇంకా సరిగ్గా కుదరలేదు. తాత కారులో కాసేపు సాధన చేయాలి, కానీ ఇన్సూరెన్స్‌లో తన పేరు లేనిదే దాన్ని నడపకూడదు. బయట వెలుతురు తగ్గుతోంది.

"ఉండవే, వస్తున్నా. ఫోన్ చేశానా? 'మా మనవరాలు నేర్చుకుంటోంది, నా పాలసీలో దాని పేరు కూడా చేర్చండి' అన్నా. 'ప్రీమియం కాస్త పెరుగుతుందండీ' అన్నాడు కుర్రాడు. ఊరుకుంటానా? 'ఒరేయ్, గని సమ్మెలో ఏడాది పస్తులున్నవాణ్ని. గుర్రాల మీదొచ్చిన పోలీసులకే వెనక్కి తగ్గలేదు, నీకు తగ్గుతానా?' అన్నా. తర్వాత ఏమైందో తెలుసా? అక్కడికక్కడే సగానికి తగ్గించాడు!"

"నేర్చుకునే పిల్లని చేరిస్తే తగ్గించారా?" అంది హోటల్ నడిపే జీనా, కౌంటర్ తుడుస్తూ.

"సగంతో ఆగిందనుకున్నావా అమ్మాయ్? మేనేజరు లైన్లోకొచ్చాడు. నా పేరు వినగానే కుర్చీ కిర్రుమంది. లేచి నిలబడ్డాడన్నమాట! 'అయ్యా, మీ కారుకి ఇన్నేళ్లలో ఒక్క గీత పడలేదు. అందుకు మీకిచ్చే తగ్గింపు, ఆ నో క్లెయిమ్ బోనస్‌ని మేం అద్దాల పెట్టెలో పెట్టుకున్నాం, రోజూ పొద్దున దాన్ని చూశాకే పని మొదలెడతాం' అన్నాడు."

"తాతా, చీకటి పడిపోతోంది."

"అయిపోయిందే! మర్నాడు కంపెనీ పెద్ద స్వయంగా మా ఇంటికొచ్చాడు, వానలో."

"ఏ కారులో?" అన్నాడు ఇద్వాల్. గనిలో ఎమ్రిస్ పక్కనే పనిచేసినవాడు.

"నడిచొచ్చాడు! నా వీధిలో కారు ఆపే ధైర్యం ఎవడికుంది? 'మీ మనవరాలు బండెక్కితే దేశంలో ప్రమాదాలే ఉండవు, ఇకనుంచి మేమే మీకు కడతాం' అని గుమ్మంలో ఏడ్చాడు..."

"మరింకేం, తాళం ఇవ్వు," అంది లౌరి చెయ్యి చాపి.

ఎమ్రిస్ కుడిచెయ్యి కోటు జేబులోనే ఉంది. బయటికి రాలేదు.

"ఒరేయ్ ఎమ్రిస్," అన్నాడు ఇద్వాల్ మెల్లగా. "గనిలో మన నెత్తిన పైకప్పు చిటపటలాడితే కూడా నువ్విలాగే గట్టిగా మాట్లాడేవాడివి. నువ్వసలు ఫోనే చెయ్యలేదు."

లౌరి ఎల్ బోర్డులు బల్ల మీద పెట్టేసింది. "నిజమా తాతా? నేను రేపు..."

"అది ఎక్కడైనా గుద్దితే నా బోనస్ పోతుందిరా," అన్నాడు ఎమ్రిస్. గొంతు సగానికి పడిపోయింది. "ప్రీమియం ఎంతంటారో ఏమో. ఆ మాట వినలేక చెయ్యలేదు."

"అందుకా ఇంత కథ!" జీనా ఫోన్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "మీ కారుకే పిల్ల పేరు మీద వేరే పాలసీ తీసుకోవచ్చు పెద్దాయనా, నాలుగు గంటలపాటైనా సరే ఇస్తారు. అది గుద్దినా మీ బోనస్ జోలికి రారు. మా అబ్బాయికి నేను తీసింది అదే. చెయ్యండి."

ఎమ్రిస్ నంబరు నొక్కాడు. అవతల ఎవరో ఆడపిల్ల పలికింది.

కుర్చీ కిర్రుమంది. ఎమ్రిస్ లేచి నిలబడ్డాడు, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అమ్మా," అన్నాడు, "కాస్త మాట్లాడొచ్చా అండీ?"