బాగైందంటే చాలదు, ఎలాగో చెప్పాలి

1994 జూన్ ఇరవయ్యో తేదీన మన ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి, ఈ నెలాఖరున పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేయనున్న మన ‘ఎలాగమ్మ’గారికి ఈ సంచిక ద్వారా అభినందనలు తెలుపుకోవడం మాకు ఎంతో ఆనందదాయకం. ఆ పేరు కన్నవారు పెట్టింది కాదు, మనం పెట్టింది. వారి ఎదుట పలికే ధైర్యం మాత్రం ఇప్పటిదాకా మనలో ఒక్కరికీ లేకపోయింది.

తొలినాళ్లలో రక్తవర్గ నిర్ధారణలో వారు చూపిన నిష్ఠ, నిదానం ఈ విభాగానికే వన్నె తెచ్చాయి. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. మనమంతా వాటికి ఆమడ దూరంలో నిలబడితే, కుర్చీ లాక్కుని కూర్చున్నది వారొక్కరే. నిల్వల నిర్వహణకు మనం తీసుకున్నది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్; అంటే ఎక్కడెక్కడివారో కలిసి రాసి, ఎవరైనా వాడుకోవడానికి, దిద్దుకోవడానికి బహిరంగంగా ఉంచినది. చిక్కొస్తే నిలదీయడానికి దుకాణదారుడంటూ ఉండడు. ఇంటర్నెట్‌లో వాళ్లందరూ కలిసే చర్చావేదిక ఒకటుంటుంది, అక్కడ అడగాలి.

ఒకనాడు కొత్త వెర్షన్ ఎక్కించగానే, ఫ్రిజ్ నిండా తాజా రక్తమున్నా తెర మీద ‘గడువు తీరింది’ అని రాసాగింది. కంప్యూటర్ చీటీ ముద్రించనిదే సంచి బయటికి ఇవ్వకూడదన్నది నిబంధన. వారు వేదికలో ‘మీ సాఫ్ట్‌వేర్ పాడైంది, వెంటనే బాగుచేయండి’ అని హుకుం జారీ చేశారు. ‘ఏ వెర్షన్? ఏం చేశారు? ఏం కనిపించింది?’ అని జవాబు వచ్చింది.

“సాయం అడిగితే సాక్ష్యం అడుగుతారేంటి వీళ్లు!” అని మండిపడ్డారు. మండిపడుతూనే కనిపించిన అమరికనల్లా, అంటే సెట్టింగునల్లా, మార్చి చూశారు. ఎలాగో పని మొదలైంది. వేదికలో ‘బాగైంది, ధన్యవాదాలు’ అని రాసి ఊరుకున్నారు.

కొన్నాళ్లకు దాని కిందే, ఏ సముద్రానికి అవతలో ఉన్న చిన్న ఆసుపత్రి టెక్నీషియన్ ఒకరు రాశారు: ‘మాదీ అదే బాధ. ఎలా బాగైందో చెప్పండి, దయచేసి. చీటీ రాక ఒక బాలింతను వేరే ఊరికి పంపేయబోతున్నాం. దారిలో తట్టుకోగలదో లేదో.’

ఎలా బాగైందో మన మేడమ్‌గారికే తెలియదు! స్టోర్ రూములోని పాత కంప్యూటర్ మీద దుమ్ము దులిపి, అదే వెర్షన్ ఎక్కించి, అదే లోపం మళ్లీ తెప్పించి, ఒక్కొక్క అమరికే మార్చి చూడసాగారు. ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన వారి శ్రీవారు తలుపు దగ్గర నిలబడ్డారు.

“వస్తున్నావా, పరుపు తెచ్చి ఇక్కడే వేయమంటావా?”

“కాస్త ఆగండి. బాగున్నదాన్ని పాడుచేస్తున్నాను.”

“దానికి జీతం కూడా ఇస్తున్నారా!”

తేదీలో రోజునూ నెలనూ తారుమారుగా చదవడమే ఆ లోపానికి మూలమని చివరికి తేలింది. ఏ అమరిక ఎక్కడుందో, దాన్నెలా మార్చాలో పసిపిల్లలకైనా అర్థమయ్యేలా రాసి పంపి, జవాబు వచ్చేదాకా కుర్చీ వదలలేదు. శ్రీవారు కూడా పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నారు. ‘చీటీ వచ్చింది. అంబులెన్సు ఎక్కించినామెను దింపేశాం. రక్తం ఎక్కుతోంది’ అని చదివి, మేడమ్ బావురుమన్నారు.

అటుపిమ్మట మనమెవరం “సరిపోయింది మేడమ్” అన్నా, “ఎలాగ?” అనే ప్రశ్న తప్పలేదు. విసుక్కున్నవాళ్లం ఉన్నాం, లేదనం. ఆ వేదికలో కొత్తవారికి ప్రశ్న అడగడం ఓర్పుగా నేర్పారు. వాడుక సూచనలన్నీ తెలుగులోకి తెచ్చారు. తమకు తెలియనిది నేటికీ సంకోచం లేకుండా అడుగుతారు.

కార్యాలయం నుంచి విరమణ ఉంది గానీ, ఆ వేదిక నుంచి ఎవరూ విరమించనక్కర్లేదట. శ్రీవారికి ఈ సంగతి తెలుసో లేదో! ఏ తెలియని ఊళ్లోనో, ఏ గాభరాపడిన మనిషో ‘ఎవరైనా ఉన్నారా?’ అని రాసిన ప్రతిసారీ, ‘ఉన్నాను, చెప్పండి’ అని బదులిచ్చేటంత చూపు, ఓపిక, ఆరోగ్యం వారికి నిండు నూరేళ్లూ ఉండుగాక!