గోడ దిగని కాగితం

శ్రీ సిద్దిరాములు గారు 1969 ఆగస్టు 4న కరీంనగర్‌లోని మా సాంకేతిక శిక్షణ కేంద్రంలో టైపిస్టుగా సేవాప్రస్థానం ఆరంభించారు. నేతపని ఇంటి నుంచి వచ్చిన ఆయనను చూసి, మగ్గం పట్టిన చేతులకు ఆంగ్ల టైపు ఏమబ్బుతుందని నవ్వినవారే ఆరు నెలలు తిరక్కుండా తమ ఉత్తరాలు పట్టుకొని ఆయన బల్ల ముందు వరుస కట్టారు. అబ్బో, ఆ వరుసలో ఎంతటి పెద్దమనుషులుండేవారో!

1988లో కంప్యూటర్ విభాగానికి మారి, పదేళ్లకు బోధకులయ్యారు. ఎవరైనా విప్పి చూసుకొని, మార్చుకొని, పదిమందికీ పంచుకోగల లినక్స్ వ్యవస్థ మా కేంద్రానికి చేరింది ఆ ఏడే. హుజూరాబాద్, జమ్మికుంటల నుంచి వచ్చే అభ్యర్థులు ఆంగ్ల పదాలకు జడిసి వారానికొకరు మానేస్తుంటే ఆయన చూస్తూ ఊరుకోలేదు. వాళ్ల మాటల్లోనే అర్థాలు రాసి గోడకు అంటించారు: "కెర్నల్ అంటే యంత్రంతోని పని చేయించే మేస్త్రి. షెల్ అంటే మన మాట మేస్త్రికి చేరేసేటోడు. సోర్స్ అంటే నేత నమూనా. ఎవలు దాస్తలేరు, చూసి నేర్సుకో. రూట్ అంటే దొర. ఏది తుడిచినా ఆపేటోడు లేడు. రోజు పనికి ఆ పేరుతోని యంత్రం తెరిచి కూసోకు."

అప్పటి మా అధికారి దొరల ఇంటి బిడ్డ. దొర అన్న ఆ మాట ఆయనకు ఒళ్లు మండించింది. కాగితం తీయకుంటే ఆదిలాబాద్‌కు బదిలీ తప్పదని మెమో ఇచ్చారు. విరమణకు మిగిలింది ఎనిమిది నెలలు. ఇంట్లో సతీమణి శంకరవ్వ గారు మంచం పట్టి ఉన్నారు. ఆమెను విడిచి ఎట్లా పోవడమని ఆయన తల్లడిల్లుతుంటే, ఆమే అన్నారట: "నా పేరు జెప్పి తీసినవంటే నాకు మొఖం సూపియ్యకు."

మరునాడు సిద్దిరాములు గారు అధికారి ముందు నిలబడి ఒకటే మాట చెప్పారు.

"నన్ను పంపుండ్రి సార్, పోత. కాగితం మాత్రం తీయ."

ఇక ఆ అధికారి సంగతి. తక్కువ హోదా పేరుతో కూర్చోవడం నామోషీ అనుకొని, ఆయన ఎప్పుడూ రూట్‌గానే కూర్చునేవారు. ఆ వారంలోనే ఒక ఆజ్ఞ తప్పుగా కొట్టి, ఇరవై ఇద్దరు అభ్యర్థుల మూడు నెలల పనిని తుడిచిపెట్టారు. సిద్దిరాములు గారు ఫ్లాపీల్లో దాచిన ప్రతులను రెండు రోజులు కూర్చొని తిరిగి ఎక్కించారు. ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. బదిలీ ఉత్తర్వు రాలేదు, క్షమాపణా రాలేదు.

1999 జూలై 31న పదవీ విరమణ చేస్తున్న ఆయన, కోలుకుంటున్న శంకరవ్వ గారితో ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలి. ఆ మెమో నేటికీ రద్దు కాలేదు. రేపటి నుంచి దానికి జవాబు చెప్పవలసింది మేము. చెబుతున్నాం: తీయం.