ద్రాక్షగుత్తి మీద గాటు

ఏథెన్స్‌లో నాణేల మ్యూజియం పై గది. బల్ల మీద ద్రాక్షగుత్తి బొమ్మ ఉన్న, ఒక చిన్న దీవి తాలూకు పాత వెండి నాణేలు పరిచి ఉన్నాయి. భూతద్దం గురువుగారి చేతిలో ఉంది, కాఫీ కప్పు ఆమె పాత శిష్యుడి చేతిలో ఉంది.

“ఇవన్నీ ఒక్క అచ్చుతో కొట్టినవే మేడం. ఎక్కువ కొడితే అచ్చు అరిగిపోయి రెండోది కావాలి కదా. ఇన్ని దొరికినా రెండో అచ్చు కనబడలేదంటే, ఆ దీవివాళ్లు మొత్తం మీద కొట్టిందే కొంచెమని లెక్క తేలింది. బీద ఊరని పుస్తకంలో రాశాను.”

“ఎక్కడివి ఇవి?”

“పాత నాణేలమ్మే ప్రోద్రోమోస్ కొట్లోవి. అసలైనవేనని నేనే సంతకం పెట్టిచ్చాను.”

“ఈ గాటేంటి?”

“లోపల వెండో రాగో చూద్దామని అప్పట్లో బజార్లో కత్తితో కోసేవాళ్లు కదా! అది చూసే నమ్మాను.”

“రెండోదాని మీద?”

“దానిమీదా ఉంది. గుత్తికి ఎడమ పక్కన.”

“మూడోది? ఆ పక్కది?”

“...అక్కడే.”

“అచ్చులో ఉన్న బొమ్మ అన్నిటి మీదా పడుతుంది. బజార్లో పెట్టిన గాటు కూడా అన్నిటి మీదా అక్కడే పడుతుందిట్రా? గాటున్న ఒక్క అసలు నాణేనికి మూస తీసి ఇన్నీ పోత పోశాడు ఆ దొంగవెధవ. నువ్వు వాటిని లెక్కేసి, ఒక ఊరినే బీదదాన్ని చేశావు. ఛీ!”

“పుస్తకం రేపు ప్రెస్సుకి వెళ్తోంది మేడం...”

“ఆ కాఫీ అవతల పెట్టు. ఆనాడు చేపలమ్మేవాడెవడో ఆ అసలు నాణేన్నే నమ్మలేక కోసి చూశాడు. నువ్వు ఆ కోత చూసి నమ్మావు!”